చలిమిడి గిన్నెతో గురజాల దాకా

మా అమ్మాయి రాజ్యానికి ఏడో నెల వచ్చిందని గురజాల నుంచి ఉత్తరం అందింది. చేతిరాత అల్లుడిదే గాని మాటలు మా వియ్యపురాలు కోటమ్మ వదినవి. కన్నతల్లి స్వయంగా వచ్చి చలిమిడి పెట్టి తీసుకుపోతేనే పిల్లను పురిటికి పంపుతామని, ఎనిమిదో నెల వస్తే ఇక గడప దాటనివ్వమని అందులో ఉంది. అడుగున రాజ్యం తన చేత్తో ఒక్క వరుస రాసింది: "నువ్వే రా అమ్మా. నాకు భయంగా ఉంది." ఏడో నెల వెళ్ళడానికి ఇంకా పదహారు రోజులున్నాయి. నరసరావుపేట నుంచి గురజాల నలభై మైళ్ళకు మించదు. కాని అప్పటికి ఏడాదిగా నేను మా వీధి మలుపు దాటలేదు.

కారణం చెప్పాలి. కిందటి మాఘంలో వెల్దుర్తిలో మా అమ్మకు బాగా లేదని కబురొస్తే బస్సెక్కాను. యుద్ధం వచ్చిన దగ్గరనుంచి పెట్రోలు కరువై బస్సులన్నీ బొగ్గు గ్యాసుతో నడుస్తున్నాయి కదా. ఆ బస్సు నకరికల్లు దాటాక ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కనే కూర్చున్నాను. పిడుగురాళ్ళలో ఎక్కాల్సిన రైలు తప్పిపోయింది. నేను వెళ్ళేసరికి అమ్మను కాటికి తీసుకుపోయారు. ఆ తర్వాత బస్సు బూర వినబడితే చాలు, గుండె దడదడలాడి చేతులు చల్లబడి ఊపిరి అందేది కాదు. దడ లేనప్పుడు దిగులు. కూరలో ఉప్పు వేశానో లేదో నాలుకకు తెలిసేది కాదు. ఇంట్లోవాళ్ళు మాట్లాడకుండా తినేసి లేచేవారు. వైద్యుడు ఇచ్చిన లేహ్యం నాలుగు నెలలు తిన్నాను. నిద్ర పట్టింది గాని దడ పోలేదు.

ఉత్తరం చూసి మా వారు, "నేను పోయి తీసుకొస్తాలే. చలిమిడి నా చేతికియ్యి" అన్నారు. కూతురి ఒడిలో చలిమిడి తండ్రి పెట్టడం ఎక్కడైనా ఉందా? తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపిన ఆ ముద్దను తల్లే పెట్టాలి, బిడ్డను చల్లగా మోసి చల్లగా కనమని. నేనే వెళతానన్నాను. అన్న మరుక్షణం చేతులు చల్లబడ్డాయి.

నా పిల్లలందరికీ పురుడు పోసిన మంత్రసాని ఆదెమ్మత్త మా వీధి చివరే ఉంటుంది. తోడు వస్తావా అని అడగడానికి ఆమెను పిలిపించాను. నా చెయ్యి పట్టుకుని, "ఏమే సుబ్బులూ, మంచుగడ్డలాగుందే నీ చెయ్యి. నా చెయ్యెట్టుంది?" అంది. వేడిగా ఉందన్నాను. "గరుగ్గా ఉందా, మెత్తగా ఉందా?" గరుగ్గా ఉందన్నాను. "ఏం వాసనొస్తంది?" ఆముదం, పొగాకు. "ఏం ఇనపడతంది?" పక్కింట్లో ఎవరో తిరగలి విసురుతున్నారు. అప్పుడు నవ్వి, "ఇప్పుడు చూడు, దడ ఉందా?" అంది. ఉంది. కాని కాస్త తగ్గింది.

"నాకు కారణాలు తెలవ్వు" అంది ఆదెమ్మత్త. "నొప్పులు పడే పిల్లని భయపడమాక అంటే ఇంకా బిగుసుకుపోద్ది. నా చెయ్యి వేడిగుందా చల్లగుందా చెప్పవే అంటే చెప్పుద్ది. చెప్పినంతసేపూ బిగువు ఇడుస్తది. నలభై ఏళ్ళుగా నాకు తెలిసిన ఇద్దె అదే. నీకూ అదే చేద్దాం పద."

నేను ఏ పనైనా వరుస తప్పకుండా చేసే మనిషిని. మొదటి మూడు రోజులు వీధి మలుపు దాకా వెళ్ళి, కంటికి కనిపించింది, చెవికి వినిపించింది, ముక్కుకు తగిలింది, చేతికి అంటింది, నాలుకకు తెలిసింది, ఒక్కొక్కటే మనసులో చెప్పుకుని తిరిగొచ్చాను. తర్వాత నాలుగు రోజులు కూరగాయల బజారు దాకా. ఆ పై వారం బస్సుల దగ్గరికి. అక్కడ మొదటి రోజు బూర మోగగానే వెనక్కి పరుగెత్తుకొచ్చాను. రెండో రోజు నిలబడ్డాను. సత్తెనపల్లి దాకా బండి కడతాను, అక్కడినుంచి రైలు కదా, బస్సు ఎందుకని మా వారు అన్నారు. బిడ్డను తెచ్చేటప్పుడు అలాగే చేద్దామన్నాను. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ నకరికల్లు దోవనే వెళ్ళాలని పట్టుబట్టాను. ఇప్పుడు తప్పించుకుంటే ఆ రోడ్డు బతికున్నన్నాళ్ళూ నాకు మూసుకుపోయినట్టే.

పదిహేనో రోజు తెల్లవారుజామునే చలిమిడి చేసి, ఇత్తడి గిన్నెలో ఒత్తి, పైన తడి గుడ్డ కట్టాను. ఒడిలో పోయడానికి మా ఇంటి బియ్యం, చీర, పసుపు కుంకుమ వేరే సంచిలో పెట్టాను. ఆరు గంటలకు పిడుగురాళ్ళ బస్సు. టిక్కెట్టు మనిషికి పన్నెండణాలు. ఎక్కే వాళ్ళకు ఒక మాట: వెనక బొగ్గు కొలిమి ఉంటుంది, అటు కూర్చుంటే సెగా పొగా రెండూ తగులుతాయి. మేము ముందు బల్ల మీద కిటికీ పక్కన కూర్చున్నాం. మాఘమాసపు చలిగాలి ముఖానికి కొడుతోంది. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ ఘాటుకు బస్సంతా ఒకేసారి తుమ్మింది. ఆదెమ్మత్త అడగకముందే నేనే, "మిరప ఘాటు, బొగ్గు పొగ, నీ పొగాకు" అని వరుసగా చెప్పాను.

నకరికల్లు దాటి రెండు మైళ్ళు పోయామో లేదో బస్సు దగ్గింది. మళ్ళీ దగ్గి ఆగిపోయింది. అదే దోవ, అదే మాసం. నేను చూస్తుండగానే డ్రైవరు దిగి వెనక్కి వెళ్ళాడు.

"ఎంతసేపయ్యా?" అని అడిగాను. నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"బొగ్గు తడిసిందమ్మా. రాజుకోవాలి. నేను చెప్తే రాజుకుద్దా?" అన్నాడు.

వెనక బల్ల మీదున్న పెద్దాయన ఆదెమ్మత్తను గుర్తుపట్టినట్టున్నాడు. "మంత్రసాని బండిలోనే ఉందిగా! ఒరేయ్ డ్రైవరూ, ఆమెని పిలువు, కాన్పు చేయిద్దాం నీ బస్సుకి" అన్నాడు. అందరూ నవ్వారు. "నీకు పురుడు పోసింది నేనే అయితే ఈ నోరు అప్పుడే సరిజేసేదాన్ని" అని ఆదెమ్మత్త అక్కడినుంచే అరిచింది.

నాకు నవ్వు రాలేదు. కళ్ళ ముందు మసక కమ్మింది. ఆదెమ్మత్త నా వైపు తిరిగి, "చేతిలో ఏముంది చెప్పు" అంది. గిన్నె అన్నాను. "చల్లగుందా?" చల్లగా ఉంది. "ఏం కనపడతంది?" జొన్న చేను, కంకుల మీద పిచ్చుకలు. "ఏం ఇనపడతంది?" కొలిమికి గాలి ఊదడానికి డ్రైవరు తిప్పుతున్న చక్రం కీచుమంటోంది. దడ తగ్గలేదు. "నాలిక మీద ఏదన్నా ఏసుకోవే, ఏదన్నా!" అంది.

నేను తడి గుడ్డ కిందకు వేళ్ళు పోనిచ్చి చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాను. చల్లగా తగిలింది. బియ్యపు పచ్చివాసన, బెల్లం, ఏలక్కాయ. పళ్ళ కింద కొబ్బరి ముక్క పడింది. తలెత్తి చూస్తే జొన్న కంకులు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఊపిరి కడుపు దాకా దిగింది.

అప్పుడు ఆదెమ్మత్త నా చేతివైపు చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓసి నీ! చలిమిడా తిన్నావు? పిల్ల ఒడిలో పెట్టేదాన్ని ఎంగిలి చేస్తివి గదే!"

చేసిన పని అప్పుడు తెలిసింది. ఒడిలో పెట్టేదాకా ఎవరూ ముట్టకూడని చలిమిడిని నేనే ఎంగిలి చేశాను.

కాసేపటికి కొలిమి రాజుకుంది. బస్సు కదిలింది. ఆదెమ్మత్త గొంతు తగ్గించి, "పైన నొక్కి సరిజెయ్యి. నువ్వు చెప్పవు, నేను చెప్పను. ఎవరికి తెలుస్తది?" అంది. వేలితో నొక్కబోయాను కూడా. కాని నా మనసు సంగతి నాకు తెలుసు. రేపు పురిటిగదిలో ఏ చిన్న నలత వచ్చినా ఈ చిటికెడు ముద్దే గుర్తొస్తుంది. ఒక దడను పోగొట్టుకోవడానికి బయల్దేరి ఇంకో దడను ఇంటికి మోసుకుపోలేను. వియ్యపురాలికి చెప్పేస్తానన్నాను. "చెప్పు మరి. కోటమ్మ నోరు చానా పెద్దది" అంది ఆదెమ్మత్త.

పిడుగురాళ్ళలో దిగేసరికి పది దాటింది. సున్నపు బట్టీల పొగ గొంతులో పడింది. స్టేషనులో మాచర్ల వైపు వెళ్ళే చిన్న రైలు పదకొండున్నరకు. గురజాలకు మూడో తరగతి టిక్కెట్టు ఆరణాలు. ఎండ తగలకుండా కూర్చోవడానికి గోడ వారగా జాగా ఉంది గాని కుండలో నీళ్ళు లేవు, చెంబుతో తెచ్చుకోవాలి. ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ దగ్గర అర్ధణాకు కొన్నాను.

"ఉప్పు ఎక్కువేశావమ్మా" అన్నాను రెండు తినగానే.

"ఎక్కువైతే నా కుండలో నీళ్ళు తాగు, ఊరకే ఇస్తా. ఉప్పు తియ్యటం మాత్రం నా వల్ల కాదు" అంది ముసలమ్మ.

ఆదెమ్మత్త నమలడం ఆపి నన్ను చూసింది. ఏడాది తర్వాత ఉప్పు గురించి నేను అన్న మొదటి మాట అది.

ఒంటిగంటకు గురజాల. స్టేషను నుంచి బండికి నాలుగణాలు. కోటమ్మ వదిన ఇల్లు నాపరాళ్ళు పరిచిన ఇల్లు. ఎండలో కాలిన పాదాలకు ఆ బండల చల్లదనం మోకాళ్ళ దాకా ఎక్కింది. రాజ్యం పరుగున రాబోయి అత్తగారిని చూసి నడిచింది. బిడ్డ ముఖం పాలిపోయి ఉంది. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు కూడా తాగకుండా, గిన్నె కోటమ్మ వదిన ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. బస్సు, అమ్మ, దడ, చిటికెడు ముద్ద, అన్నీ.

ఆమె గుడ్డ తీసి చూసింది. గిన్నె అంచున నా వేళ్ళ గుర్తు అలాగే ఉంది. గుడ్డ మళ్ళీ కప్పింది. తర్వాత, "ఏంది వదినా, నువ్వేమన్నా నీళ్ళోసుకున్నావా ఏంది, చలిమిడి మీద మనసు పోయింది?" అంది. ఆదెమ్మత్త కూర్చున్నచోటే పడిపడి నవ్వింది. రాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ నవ్వొచ్చింది.

నవ్వాక కోటమ్మ వదిన పనిలోకి దిగింది. "ఎంగిలిది ఒడిలో పెట్టనియ్యను. అయిదింటికి వర్జ్యం వస్తది. ఆలోపల మళ్ళా చెయ్యి. బియ్యం మాత్రం మీ ఇంటియ్యే కావాల. తెచ్చావా?" ఒడి బియ్యంలోంచి రెండు సోలలు తీసి నానబోశాను. మూడింటికి వడకట్టి రోట్లో పోశాం. ఒక రోకలి నాది, ఒకటి ఆమెది. ఆమె దెబ్బ బరువు, నాది తేలిక. మొదట రెండు రోకళ్ళు కొట్టుకున్నాయి. "కళ్ళు ఎక్కడున్నయ్ వదినా, రోట్లో చూడు" అంది. కాసేపటికి వరుస కుదిరింది. తడి పిండి వాసన లేచింది. చేతులకు వెచ్చగా చెమట పట్టింది. ఆ గంటన్నరలో దడ అన్న మాటే నాకు గుర్తు రాలేదు.

నాలుగున్నరకు రాజ్యం ఒడిలో చలిమిడి పెట్టాను. పాత గిన్నెలోది కోటమ్మ వదిన, ఆదెమ్మత్త, నేను పంచుకు తిన్నాం. "బెల్లం తక్కువైంది" అంది కోటమ్మ వదిన రెండోసారి చెయ్యి చాపుతూ.

మర్నాడు ఉదయం రైల్లో సత్తెనపల్లి దాకా వచ్చాం. అక్కడ మా వారు గడ్డి పరిచిన బండితో సిద్ధంగా ఉన్నారు. నెలలు నిండుతున్న పిల్లను తెచ్చేవాళ్ళకు ఈ దోవే మేలు, కుదుపు తక్కువ. రైలు రెడ్డిగూడెం దాటాక రాజ్యం నా భుజం మీద తల పెట్టి, "అమ్మా, నేను బతుకుతానా?" అంది. భయపడకు అనబోయి ఆగాను. ఆమె చేతిని నా చేతిలోకి తీసుకుని, "చేతిలో ఏముంది చెప్పు" అన్నాను.

"నీ చెయ్యి."

"ఎలా ఉంది?"

"చెమట పట్టింది. రోకలి పట్టిన చోట పొక్కింది." నా వేళ్ళు ముడిచి పట్టుకుని, "వెచ్చగా ఉందమ్మా" అంది. సత్తెనపల్లి వచ్చేదాకా ఆ పొక్కును వేలితో తడుముతూనే ఉంది.

ఇప్పుడు రాజ్యానికి ఎనిమిదో నెల. నాకు దడ పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధం. మొన్న కూడా బస్సు బూర విని చేతులు చల్లబడ్డాయి. అయితే ఇప్పుడు అది రాగానే ఏం చెయ్యాలో నా కంటికీ చెవికీ ముక్కుకూ తెలుసు. రోజూ సాయంత్రం తల్లీకూతుళ్ళం పెరట్లో కూర్చుని ఒకరినొకరు అడుగుతూ సాధన చేస్తున్నాం. కాన్పు రోజున ఆదెమ్మత్త కాళ్ళ దగ్గర ఉంటుంది, నేను తల దగ్గర ఉంటాను. ప్రశ్నలు అడగాల్సింది నేనే. నాలాగే దడతో గడప లోపల కూర్చున్న అక్కచెల్లెళ్ళు ముందు వీధి మలుపు దాకా వెళ్ళి చూడండి. నకరికల్లు తర్వాత సంగతి.

ఇక ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. చలిమిడితో ప్రయాణం చేసేవారు దోవలో నోట్లో వేసుకోవడానికి రెండు ఎండు ఉసిరి ముక్కలు వేరే మూట కట్టుకుని, అది కుడిచేతికి అందేలా పెట్టుకోండి. చలిమిడి గిన్నె మాత్రం పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టండి.