మాస్టారికి నచ్చని గ్రాఫిక్స్ కార్డు

మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు, వంకలు పెట్టడం. కంటికి కనిపించిన ప్రతిదానికీ పెట్టేవారు. కొత్త కుర్చీ తెస్తే వీపు పట్టడంలేదనేవారు. టీ తెస్తే కప్పు లోతెక్కువ, అడుగుకి వెళ్లేసరికి చల్లారిపోతోందనేవారు. వాన కురిస్తే, పొద్దున కురవాల్సింది ఇప్పుడు కురిసి ఏం లాభం అనేవారు.

ఓసారి ఆయన పనిచేసే వీడియో స్టూడియో ఓనరు కొత్త బోర్డు రాయించి తెచ్చాడు. అక్షరాలు ఎడమకి ఒరిగాయన్నారు మాస్టారు. రాసిన పెయింటరుకి రోషం వచ్చి స్కేలు పట్టుకొచ్చి కొలిచాడు. అక్షరాలు నిక్కచ్చిగా నిటారుగా ఉన్నాయి.

"అయితే గోడ ఒరిగింది" అన్నారు మాస్టారు.

పెయింటరు మళ్లీ స్టూడియో మెట్లెక్కలేదు. బోర్డు మెట్ల కిందే ఉండిపోయింది.

ఇంట్లోనూ అంతే. "మా పెళ్లి ఫొటోలో కూడా ఈయన మొహం ముడుచుకునే ఉంటుంది" అని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ చూపించేది. "ఎందుకండీ అంటే, ఫొటోగ్రాఫరు లెన్సు తుడవలేదు, అది కనపడుతుంటే నవ్వెలా వస్తుంది అంటారు. పక్కన నేనున్నానన్న సంగతి మాత్రం కనపడలేదు."

ఆ స్టూడియో ఓ మేడ మీద రెండు గదులు. పెళ్లి వీడియోలు, స్కూలు వార్షికోత్సవాలు, దుకాణాల ప్రకటనలు ఎడిట్ చేసి ఇస్తారు. లోపలి గదిలో పక్కపక్కన రెండు కంప్యూటర్లు. ఒకటి మాస్టారిది, రెండోది చిన్న ఎడిటరుది. ఆమె పని నేర్చుకుంది ఆయన దగ్గరే. నేర్చుకున్నన్నాళ్లూ ఆయన ఆమె పనికి పెట్టని వంక లేదు. అక్కడ కోశావేం, ఇక్కడ ఆపావేం, పెళ్లికొడుకు తండ్రి ఆవులిస్తుంటే ఎందుకు ఉంచావు. ఆమె పళ్లు బిగపట్టుకుని నేర్చుకుంది. అందుకే పని బాగా వచ్చింది. అందుకే ఆయనంటే కాస్త ఒళ్లు మంట కూడా.

అసలు గొడవ రెండర్ దగ్గర. ఎడిటింగ్ అయిపోయాక, కత్తిరించిన ముక్కలన్నిటినీ రంగులూ పాటలతో సహా ఒకే వీడియోగా కంప్యూటరు కూర్చిపెడుతుంది. దాన్నే రెండర్ అంటారు. ఆ రెండు పాత కంప్యూటర్లూ దాన్ని నత్త నడకన చేసేవి. తెర మీద సన్నటి గీత ఒకటి కుడివైపుకి పాకుతూ ఉంటుంది. అది చివరికంటా పాకేదాకా ఆ కంప్యూటరు మీద ఇంకో పని సాగదు. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటికి. కాబట్టి ఎవరో ఒకరు దాని మొహం చూస్తూ కూర్చోవాలి.

చిన్న ఎడిటరు భర్త అమ్మకాల పని మీద ఊళ్లు తిరిగేవాడు. కూతురు సాయంత్రం దాకా పిల్లల్ని చూసుకునే చోట ఉండేది. గీత పాకడం అయ్యి, ఆమె పరుగున అక్కడికి చేరేసరికి మిగతా పిల్లలంతా వెళ్లిపోయేవారు. అప్పటికే దీపాలు ఆర్పేసిన వరండాలో, వీపుకి సంచీ తగిలించుకుని, బెంచీ చివర తన కూతురొక్కతే. పక్కన చెప్పులేసుకుని తాళం పట్టుకున్న ఆయమ్మ.

"అందరి అమ్మలూ వచ్చేశారు" అనేది పిల్ల. ఏడిస్తే బాగుండు, ఏడ్చేది కాదు. వార్త చెప్పినట్టు చెప్పేది.

మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేస్తే ఈ బాధ తీరుతుందని చిన్న ఎడిటరు ఓనరుకి మొరపెట్టుకుంది. రెండర్‌లో బరువంతా ఆ కార్డే మోస్తుందని, చేతిలో పని చకచకా తెమిలిపోతుందని చెప్పింది. ఓనరు విని, గడ్డం గోక్కుని, "సరే, ఏది కొనాలో మాస్టారు తేలుస్తారు" అన్నాడు.

ఆ మాటతో ఆమె ప్రాణం ఉసూరుమంది.

మాస్టారు కంప్యూటర్ షాపుకి వెళ్లడం మొదలుపెట్టారు. మొదటి కార్డు చూసి, "పొడుగు. మన డబ్బాలో పట్టదు" అన్నారు. షాపతను పొట్టిది చూపించాడు. "పొట్టిది. దీనికి వేడెక్కడం తప్ప ఏం చేతనవును?" మధ్యరకం తీశాడు. దానికి మూడు ఫ్యాన్లున్నాయి. "ఇది కార్డా, ఫంక్షన్ హాలా?" ఇంకోదానికి రంగురంగుల లైట్లు వెలిగాయి. "మేం పెళ్లికూతురి మొహం రంగు సరిచూసుకోవాలా, దీని డాన్సు చూసుకోవాలా?"

"లైట్లు ఆపేయొచ్చు సార్" అన్నాడు షాపతను.

"ఆపేసేదానికి పెట్టడమెందుకు?"

ఇంకోదానికి మెమరీ తక్కువన్నారు. మెమరీ ఎక్కువున్నదానికి కరెంటు ఎక్కువన్నారు. కరెంటు తక్కువ తాగేది దొరికితే, "ఇంత తక్కువ తింటోందంటే పని దొంగే అయ్యుంటుంది" అన్నారు. చివరికి ఓ కార్డులో ఏ లోపమూ కనబడక, అట్టపెట్టె చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "పెట్టె మీద పులి బొమ్మ ఉంది. ఎడిటింగ్‌కి పులెందుకు?" అని వెనక్కిచ్చేశారు. షాపతను ఆ తర్వాత మాస్టారిని వీధి మలుపులో చూస్తే చాలు, లోపలి గదిలో సర్దుకునే పని గుర్తొచ్చి మాయమైపోయేవాడు.

అలా వేసవి పోయింది, వానలు పోయాయి. పిల్ల బెంచీ చివరే కూర్చుంటోంది. ఓరోజు ఆయమ్మ, "ఇలాగే ఆలస్యమైతే వేరేచోటు చూసుకోండమ్మా, నాకూ ఇల్లుంది" అనేసింది.

మర్నాడు చిన్న ఎడిటరు ఓ పెళ్లిలో తీసిన ఫుటేజీ హార్డ్ డిస్క్‌లో వేసుకుని తనే షాపుకి వెళ్లింది. అక్కడి కంప్యూటర్లో ఓ కార్డు పెట్టించి రెండర్ చేయించింది. ఆ జరిగినదంతా ఫోన్లో తీసి ఓనరు ముందు పెట్టింది. ఓనరు కళ్లు పెద్దవయ్యాయి.

మాస్టారు ఆ వీడియో చూశారు. ఎప్పటిలా గబుక్కున వంక రాలేదు.

"తొందరపడకు అమ్మాయ్" అన్నారు నెమ్మదిగా. "ఇప్పుడున్నది చాలు. ఇంకొన్నాళ్లు ఆగు."

"ఎన్నాళ్లు మాస్టారూ? మీకు పిల్లలు లేరు. మీకిది తెలియదు."

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆ అద్దాలకి దుమ్మేమీ లేదు. ఆమెకి నాలుక కరుచుకోవాలనిపించింది, కానీ కోపం ఇంకా దిగలేదు, కరుచుకోలేదు.

కార్డు వచ్చింది. మాస్టారే ఆమె కంప్యూటరు స్క్రూలు విప్పి బిగించారు. బిగిస్తూ స్క్రూడ్రైవరు పిడి లావుగా ఉందన్నారు, అంతే. అంతకు ముందు సాయంత్రందాకా ఈడ్చే పెళ్లి, టీ చల్లారేలోగా తయారై కూర్చుంది. చిన్న ఎడిటరు ఆ రోజు ఎండ ఉండగానే కూతురి దగ్గరికి చేరింది. వేరే అమ్మలు ఇంకా రాలేదు. పిల్ల ఆమెను చూసి సంతోషించలేదు, "ఏమైంది, నీకు జ్వరమా?" అని అడిగింది.

కొన్నాళ్లు హాయిగా గడిచాయి. తర్వాత ఓ మధ్యాహ్నం ఓనరు ఇద్దర్నీ ముందు గదిలోకి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. దాచుకోవడం రానివాడు, అంతకన్నా ప్రమాదం.

"కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాడు. "ఒక్క కంప్యూటరు రెండింటి పని చేసేస్తోంది. ఇక ఇద్దరెందుకు చెప్పండి. మాస్టారూ, కార్డు మాట వచ్చిన మొదటిరోజే మీతో అన్నాను కదా, మంచిది ఒకటి చూడండి, ఈ అమ్మాయిని పంపించేద్దాం అని. మీరేమో నెలల తరబడి తిప్పారు. చివరికి ఆ అమ్మాయే తెచ్చింది, అదీ విచిత్రం."

పొడుగన్న కార్డు, పొట్టిదన్న కార్డు, పులి బొమ్మ, అన్నీ ఒక్కసారి చిన్న ఎడిటరు కళ్ల ముందు తిరిగాయి. తన ఉద్యోగానికి అడ్డం నిలబడ్డ మనిషిని తనే పక్కకి నెట్టి, తన మీదికి తనే తెచ్చుకుంది.

"ఇప్పుడు నాకూ ఓ చిక్కొచ్చింది" అన్నాడు ఓనరు. "ఈ అమ్మాయి చురుగ్గా ఉంది. మీకు అనుభవం ఉంది. ఎవరిని ఉంచాలో మీరే తేల్చండి. వంక పట్టుకోవడంలో మిమ్మల్ని మించినవాళ్లు లేరు కదా. ఈ అమ్మాయిలో ఏం లోపముందో చెప్పండి, వింటాను."

మాస్టారు ఆమెను పైనుంచి కిందిదాకా చూశారు, షాపులో కార్డు చూసినట్టే. చాలాసేపు చూశారు. పెదవి విరిచారు.

"ఏమీ కనపడలేదు" అన్నారు.

ఓనరు నవ్వాడు. "మీకా?"

"నాకే. కావాలంటే నా సంగతి చెబుతాను, రాసుకోండి. కుడిచెవి సరిగా వినపడదు. మొన్న స్కూలు వాళ్ల వీడియోలో బుస్సుమని చప్పుడు వదిలేశాను, ఈ అమ్మాయి పట్టుకుంది. ఎరుపు రంగు నాకు గోధుమరంగులా కనిపిస్తోంది. పని ఇచ్చే పార్టీలతో పోట్లాడతాను. ఓ పెళ్లికూతురి బాబాయితో, మీ ఉపన్యాసం పెళ్లికన్నా పొడుగ్గా ఉంది అన్నాను, వాళ్లు మళ్లీ రాలేదు. అది మీకు ఇంతవరకూ చెప్పలేదు. అన్నిటికీ నసపెడతాను. ఇంకా ఉన్నాయి."

"చాలు మాస్టారూ" అన్నాడు ఓనరు, మొహం పక్కకి తిప్పుకుని.

"అలా కాదండీ, మాస్టారు లేకపోతే నేను..." అని చిన్న ఎడిటరు నోరు తెరిచింది.

"చూశారా, మధ్యలో మాట్లాడుతుంది" అన్నారు మాస్టారు. "అదొక్కటే లోపం. అది నా దగ్గర నేర్చుకున్నదే. నాతోపాటే పోతుంది."

ఆయన హెడ్‌ఫోన్సూ, నడుము కింద పెట్టుకునే దిండూ సంచీలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే ఆమె వెనకే దిగింది.

"ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ."

"చెబితే ఏం చేసేదానివి? పిల్ల చీకట్లో కూర్చున్నా నోరు మూసుకుని పనిచేసేదానివి. చెప్పలేదు కాబట్టి, కనీసం నన్ను తిట్టుకోవడానికైనా వీలు దొరికింది. తిట్టుకున్నావా లేదా?"

"తిట్టుకున్నాను."

"మంచిది. లేకపోతే ఆ సాయంత్రాలు ఎలా గడిచేవి మరి" అంటూ సంచీ పట్టీ బాగాలేదని గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

తర్వాతి రోజులు ఏమంత గొప్పగా గడవలేదు. కార్డు వేగం చూసి ఓనరు అంతకు రెట్టింపు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. కార్డు నిమిషాల్లో కూర్చిపెడుతోంది, నిజమే. కానీ ఏది ఉంచాలి, ఎక్కడ కోయాలి అనేది మనిషే కూర్చుని చూడాలి కదా. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, పిల్ల మళ్లీ బెంచీ చివరికొచ్చింది. మాస్టారు పని కోసం వేరే స్టూడియోలు తిరుగుతున్నారని విని ఓసారి ఇంటికెళ్లి చూసొచ్చింది. ఒకచోట గాలి రాదన్నారు, ఇంకోచోట కుర్చీలు బాగాలేవన్నారు ఆయన. వాళ్లావిడ వంటింట్లోకి పిలిచి, "వయసు ఎక్కువన్నారటమ్మా, అందరూ" అని మెల్లిగా చెప్పింది.

మర్నాడు చిన్న ఎడిటరు ఓనరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సగం పని మాస్టారింటికి పంపండి. లేదంటే ఒప్పుకున్న పెళ్లిళ్లలో సగం మీరే కోసుకోండి" అంది. ఓనరుకి కోయడం రాదు. ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం కూతుర్ని వెంటబెట్టుకుని, ఫుటేజీ నింపిన హార్డ్ డిస్క్ తీసుకుని మాస్టారింటికి వెళ్లింది. ఆయన దాన్ని వేళ్ల చివర్లతో అందుకున్నారు.

"పని ఇంటికి పంపడమేమిటి, ఇదో పద్ధతా" అన్నారు. "పైగా కేబుల్ పొట్టిగా ఉంది."

"అయితే తీసుకెళ్లిపోనా మాస్టారూ?"

"తీసుకెళ్లమన్నానా? కేబుల్ పొట్టిగా ఉందన్నాను" అని మాస్టారు తన ఇంట్లో కంప్యూటరున్న బల్లనే డిస్క్ దగ్గరికి జరుపుకోవడం మొదలుపెట్టారు. పిల్ల లేచి వెళ్లి బల్ల రెండోవైపు పట్టుకుంది.