పదో తరగతి లెక్కలు ఎవరికివ్వాలి

మైలవరం దగ్గర ఒక హైస్కూల్లో నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేరిన ఏడాదే తెలుగు మీడియం తీసేసి ఇంగ్లీషు మీడియం పెట్టారు. పైనుంచి కాగితం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. పాఠం ఎవరు చెప్పాలో మాత్రం నేనే తేల్చాలి.

మా లెక్కల మాస్టారికి రిటైర్మెంటు రెండేళ్లలో ఉంది. ఆయన బోర్డు దగ్గర నిలబడితే వెనక బెంచీ కూడా నోరెత్తేది కాదు. కానీ ఆయన ఇంగ్లీషులో వరసగా రెండు వాక్యాలు మాట్లాడగా నేను వినలేదు. విజయవాడ నుంచి రోజూ బస్సులో వచ్చే ఇంకో లెక్కల టీచరమ్మకు ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, ఉద్యోగానికి కొత్త. వారం రోజులు టైంటేబుల్ రాస్తూ, కొట్టేస్తూ గడిపాను. ఈలోగా తల్లిదండ్రులు వచ్చి, "ఇంగ్లీషు మీడియం అన్నారు, మాస్టారు తెలుగులోనే చెప్తున్నారంట కదండీ," అని నిలదీస్తున్నారు. చివరికి స్టాఫ్ మీటింగులో, ఆయనకు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా, పదో తరగతి ఆమెకూ, ఆరు, ఏడు తరగతులు ఆయనకూ ఇస్తున్నట్టు చదివేశాను. ముందే చెబితే వాదిస్తారని భయం. ఆ భయాన్నే గట్టి నిర్ణయం అనుకున్నాను.

ఆయన లేచి, "మీ ఇష్టమండీ. కాకపోతే ముందు నాకొక మాట చెప్పాల్సింది," అని బయటికి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి స్టాఫ్‌రూము రెండుగా చీలింది. నేను గుమ్మంలోకి వస్తే మాటలు ఆగిపోయేవి.

నెల తిరక్కుండానే టీచరమ్మ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. "మేడమ్, నాకు ఇంగ్లీషు వచ్చు గానీ వీళ్లకి లెక్క ఎలా ఎక్కించాలో తెలీట్లేదండీ. చెప్పిందంతా రాసుకుంటున్నారు, ఒక్కళ్లకీ అర్థం కావట్లేదు. మాస్టార్ని అడుగుదామంటే నా మొహం కూడా చూడట్లేదు."

పరీక్ష కాగితాలు తెప్పించి చూశాను. సగానికి పైగా ఖాళీ.

రెండు రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. క్లాసు తిరిగి ఆయనకిస్తే ఈ అమ్మాయి ఇక తలెత్తుకోలేదు. ఇవ్వకపోతే పిల్లలు మునుగుతారు. మాట మార్చిన హెడ్‌మిస్ట్రెస్‌ని రేపు ఎవరు లెక్కచేస్తారన్న బెంగ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మళ్లీ మీటింగు పెట్టాను. "మాస్టారూ, మిమ్మల్ని అడక్కుండా చేశాను. తప్పు నాదే. ఇప్పుడేం చేద్దామో మీరు చెప్పండి," అన్నాను.

ఆయన బల్ల మీది టైంటేబుల్ దగ్గరికి లాక్కున్నారు. "క్లాసు మళ్లీ మార్చకండి, పిల్లలు కంగారుపడతారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పాక పక్కనుండి నేను తెలుగులో విడమరిచి చెప్తాను. నాకూ ఆ మాటలు తెలుస్తాయి."

ఒక పీరియడుకు ఇద్దరు టీచర్లంటే టైంటేబుల్లో కుదరదు. ఆ సమయంలో ఆయన ఆరో తరగతి నేను తీసుకున్నాను. మొదటి రోజు వరండాలో ఆగి విన్నాను. ఆమె ఒక మెట్టు చెప్పి ఆగింది, ఆయన అందుకున్నారు. ఒక పిల్ల, "ఓ, అదా సార్!" అని గట్టిగా అంది.

ఆ ఏడాది లెక్కల్లో ఇద్దరు తప్పారు. ఇద్దరికీ సెలవుల్లో ఆయనే చెప్పి గట్టెక్కించారు. స్టాఫ్‌రూములో కొందరు నన్ను ఎప్పటికీ క్షమించలేదు. ఆయన మర్యాదగా ఉండేవారు, అంతవరకే. రిటైరైన రోజున దండ వేయబోతుంటే మాత్రం నెమ్మదిగా అన్నారు: "ఆ రోజు మీరు అందరి ముందూ ఒప్పుకోకపోతే లాంగ్ లీవు పెట్టేద్దామనుకున్నానండీ. కాగితం అప్పుడు నా జేబులోనే ఉంది."