గుట్టకు మొక్కిన జుట్టు

దేవుడున్నాడా లేడా అని వాదించడానికి నాకున్న అర్హత ఏడో తరగతి తప్పడం. అదీ రెండుసార్లు తప్పాను. కాబట్టి అనుభవం కూడా ఉన్నట్టే.

పోచంపల్లి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం: అమ్మ, అన్న, నేను, ఒక మగ్గం. ఏ కష్టమొచ్చినా అమ్మ గుట్ట మీది నరసింహస్వామికి మా అందరి తలనీలాలు మొక్కేది. "మన గుండ్ల వెంట్రుకలతోటి స్వామి ఏం జేస్తడే? దుప్పట్లు నేస్తడా?" అని నేనంటే అన్న మగ్గం ఆపి మరీ నవ్వేవాడు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని ఊరేగింపుకు పోయిన అన్న, తలకు దెబ్బ తగిలి దవాఖానలో పడ్డాడు. కళ్లు తెరవలేదు. "మా చేతుల్ల ఉన్నది చేసినం" అన్నాడు డాక్టరు. నా తర్కం అక్కడితో అయిపోయింది. వరండాలో గోడవైపు తిరిగి, ఎవరూ చూడకుండా మొక్కాను: అన్న లేచి కూర్చుంటే గుట్టకొచ్చి తలనీలాలిస్తాను, అప్పటిదాకా కత్తెర పెట్టను.

జుట్టు మెడమీదికొచ్చింది. "ఏందిరా గీ జడలు?" అంది అమ్మ. "రోజూ బందాయె, మంగలి దుకాణం తెరుస్తలేడు" అన్నాను. మొక్కానని చెప్పుకోవడానికి సిగ్గు. అన్న చెయ్యి పట్టుకుని పాత జోకులన్నీ మళ్లీ చెప్పాను, దుప్పట్ల జోకుతో సహా. ఒక్కదానికీ వేలు కదల్లేదు.

మూడో నెలలో అన్న పోయాడు.

పెళ్లికానివాడు. నాన్న ఎప్పుడో పోయాడు. కర్మ నేనే చేయాలి, చేసేవాడికి గుండు తప్పదు. దేవుడికని పెంచిన జుట్టంతా మూసీ ఒడ్డున మంగలి కత్తికింద నా ఒళ్లోనే రాలింది. స్వామి ఉంటే ఎందుకు వినలేదు? లేకపోతే నేను ఆ గోడతో ఎందుకు మాట్లాడాను? ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికొచ్చాక, దీపం పెట్టని గూటి ముందు కూర్చున్న అమ్మకు మొక్కు సంగతి చెప్పేశాను. "చూసినవా అమ్మా, గుట్టకని పెంచితే చావుకు పనికొచ్చినయ్. నీ దేవునికి అన్నను ఇయ్య చేతగాలే, జుట్టు తీస్కొన చేతగాలే" అని నవ్వబోయాను.

అమ్మ నా గుండు మీద చెయ్యేసి నిమిరింది.

"మల్ల మొలిచేటియి ఇస్తనని, మల్ల రానోన్ని అడిగినవ్ గదరా బిడ్డా. నువ్వు జేసిన మజాకులల్ల గిదే పెద్దది."