కాగితం విప్పని బేరింగులు

మేస్త్రి పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను ఆదివారం ప్రార్థన కూడిక ముగించి మైకు వైరు చుట్టుకుంటున్నాను. పొద్దున్నే గజపతినగరంలో తన బళ్ల రిపేరు షెడ్డు తలుపు తీసి, స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ పక్కకి ఒరిగిపోయాడట. ఆయన మా కూడికకి ఏనాడూ రాలేదు. ఆయన పండగల్లో నేనూ కొబ్బరిముక్క తినలేదు. అయినా శ్మశానంలో వాళ్లవాళ్లు నన్నే రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఇంత నమ్మకమైన మనిషిని నేను చూడలేదన్నాను. నెల తిరక్కుండా ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో మన కూడిక పత్రిక చదివే మీకే చెప్తాను.

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోకి పోయింది. బైబిలు వాక్యం నాకెవరూ నేర్పలేదు. నెల్లిమర్లలో మిల్లు గేటు కాపలా కాసే రోజుల్లో నాకు నేనే కంఠతా పట్టాను. అది కొండమీది గూడేనికి చేర్చాలని ఆరాటం. మధ్యలో వాగు. ఆటో వాగు దగ్గరే ఆగిపోతుంది, బైకు వెనక కూర్చుందామంటే నా కాలు నిలవదు. పదేళ్ల కిందట, సముద్రం ఒడ్డున జనాన్ని సరదాగా తిప్పి తిప్పి మూలన పడేసిన ఏటీవీ ఒకదాన్ని మేస్త్రి ఎక్కడినుంచో లాక్కొచ్చాడు. లావుపాటి నాలుగు చక్రాలు, బైకులాంటి హ్యాండిలు. వరస కలుపుకుని నన్ను బావా అనేవాడు. "నీ కాలికి ఇది కాలు బావా, ఎక్కు" అన్నాడు. ఎక్కాను. ప్రతి గురువారం కొండెక్కాను.

వాగు దాటినప్పుడల్లా వెనక ఇరుసు మునిగేది. ఇసుకనీళ్లు రబ్బరు సీళ్లని కోసుకుని లోపలికి పోయి బేరింగుల్లో గ్రీసు తినేసేవి. ఏడాదికోసారి షెడ్డుకి రావాల్సిందే. మేస్త్రి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపేవాడు. టకటకమంటే నావైపు అదోలా చూసేవాడు. "బాప్తిస్మం మనుసులకియ్యి బావా. బండికేటి?"

ఆయన పని చేస్తుంటే చూడడం నాకు ప్రార్థనలాగే ఉండేది. చక్రాలూ గొలుసూ ఊడదీసి, ఇరుసుని నేరుగా సుత్తితో కొట్టకుండా చెక్కముక్క అడ్డుపెట్టి కొట్టి బయటికి లాగేవాడు. కొత్త బేరింగుని గూట్లో కూర్చోబెట్టడానికి పాత బేరింగునే దానిమీద పెట్టి చుట్టూ తట్టేవాడు. సీలు దిగ్గొట్టే ముందు నాకు చూపించేవాడు. "నంబరున్న మొగం బయటికి బావా. లోపలికి తిప్పేవంటే వాగు నీ కూడా ఇంటికొచ్చేస్తాది." ఆఖర్న చక్రం తిప్పి, స్క్రూడ్రైవరు కొస ఇరుసు గూటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకునేవాడు. ఏమీ వినపడకపోతే నవ్వేవాడు. తర్వాత ఇద్దరం ఒకే కారియర్లో చెయ్యి పెట్టి తినేవాళ్లం.

పోయినేడు వానల ముందు ఇరుసు మళ్లీ అరిచింది. మేస్త్రి విప్పాడు. తుప్పునీళ్లు కారుతున్న బేరింగుని గుడ్డతో తుడిచి నా చేతికిచ్చి, "కళ్లజోడు ఇంటికాడ ఒగ్గేసాను, దీని మీద నంబరు సదువు బావా" అన్నాడు. చదివాను. సరేనని ఊరుకున్నాడు.

ఆ తర్వాత బేరింగులు రాలేదు. వారం, నెల, ఆర్నెల్లు. విశాఖలో దొరకలేదన్నాడు. ఉత్తరాదినుంచి రావాలన్నాడు. వచ్చినవి సైజు కలవలేదన్నాడు. వేరేచోట చూసుకుంటానంటే, "నా మీద నమ్మకం నేదేటి?" అన్నాడు. ఆ మాటకి నేను ఆగిపోయాను.

ఆ గూడెంలో నా మాట మొట్టమొదట విన్నది ఒక ముసలామె. ఎప్పుడెళ్లినా చోడి అంబలి తాగించేది. తను పోయేముందు నేనొచ్చి తలమీద చెయ్యి పెట్టాలని మాట తీసుకుంది. చలికాలంలో ఆమె మంచం పట్టిందని కబురొచ్చింది. షెడ్డుకి పరిగెత్తాను. నా పరుగెలాంటిదో మీకు తెలుసు. మేస్త్రిని బతిమాలాను. ఆయన ఎవరిదో బండి ప్లగ్గు తుడుస్తూ, తలెత్తకుండా, "రాలేదు బావా" అన్నాడు. నన్ను డోలీలో మోసేందుకు మనుషుల్ని పోగుచేసేసరికి నాలుగో రోజైంది. వాగు దగ్గరే చావుకబురు ఎదురొచ్చింది.

మేస్త్రి దినాలయ్యాక ఆయన భార్య, వరసకి నాకు చెల్లెమ్మ, బండి తీసుకెళ్లమని కబురు పెట్టింది. టార్పాలిన్ కింద బండి మీద దుమ్ము లేదు. ఇరుసుకి నూనె రాసి, గుడ్డ చుట్టి, గోడకి వేలాడదీసి ఉంది. పక్కన రేకుడబ్బాలో రెండు బేరింగులు, రెండు సీళ్లు. చుట్టిన కాగితం విప్పనే లేదు. ఎప్పుడొచ్చాయమ్మా అన్నాను. నువ్వు బండి ఇచ్చిన వారానికే అంది. ఒళ్లు మండిపోయింది. ఎందుకిలా చేశాడని అడిగాను.

"ఆ దినం నంబరు తప్పు సదివేవంట అన్నయ్యా. అంతకుముందు నీ ఎనకాల కూకుని వాగుదాకా వచ్చినప్పుడు, ఎదర దున్నపోతుని నువ్వు సూడనేదంట. బావకి కళ్లు పోతన్నాయే, కొండమీంచి పడిపోతాడు అనీవోడు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాడు."

నిజమే. షుగరు వచ్చాక రెండేళ్లుగా అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. వాక్యం నోటికొచ్చు గనక ఊరికే పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ని. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చునే మీలో ఒక్కరూ పసిగట్టలేదు. కూడికకి రాని మనిషి పసిగట్టాడు. ఇంటిదగ్గర ఉండిపోయిందన్న కళ్లజోడు ఆ మధ్యాహ్నమే పెట్టుకుని కారియర్లో చేపముళ్లు ఏరాడు. నాకప్పుడు తట్టలేదు.

చూపు మందగించిన తండ్రిని చేతులకి మేకతోలు చుట్టుకొచ్చి మోసం చేసిన కొడుకు సంగతి మీకు ఎన్నిసార్లు చెప్పుంటాను. ఇప్పుడా తండ్రి మంచం మీద నేనున్నాను. ప్రభువుతో ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి ఆయన్నే పట్టించినవాడి సంగతీ మీకు చెప్పనక్కర్లేదు. ప్రాణం కాపాడాడు కదా అని మాత్రం నాతో అనకండి. నీ కళ్లు పోయాయి అని నా మొహం మీద అనగలిగింది ఆయనొక్కడే. చెప్తే వినేవాణ్నా? వినను, పోట్లాడేవాణ్ని. నన్ను పోట్లాడనివ్వాల్సింది. ఓడిపోయి, హ్యాండిలు ఇంకొకరికిచ్చి వెనక కూర్చునేవాణ్ని. ఆ ముసలామె తలమీద నా చెయ్యి ఉండేది.

బండి ఇంటికి తీసుకెళ్లలేదు. మూడు రోజులు ఆ షెడ్డులోనే కూర్చుని నేనే బిగించాను, కళ్లతో కాదు, వేళ్లతో. సీలు మీద నంబరు వేలికొసకి గరుగ్గా తగిలింది. ఆ మొహం బయటికి పెట్టాను. పాతదానితో తట్టి కొత్తదాన్ని కూర్చోబెట్టాను. బండి తాళం చెల్లెమ్మకే ఇచ్చేశాను. బుధవారం విజయనగరంలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను, బస్సులో.

వెనక చక్రాలు నేలకి తగలకుండా బండి ఇంకా దిమ్మల మీదే ఉంది. నిన్న సాయంత్రం చక్రాన్ని చేత్తో ఒక్క తోపు తోసి, ఆయన స్టూలు మీద కూర్చుని, స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకున్నాను. ఆయన్ని నోరారా తిడదామనే కూర్చున్నాను. చక్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.