నాన్న దేవుడి గుణం కనుక్కున్న ఎండాకాలం

మా నాన్న పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. బర్రెను చూడగానే దాని గుణం చెప్పగలనని ఆయనకు గట్టి నమ్మకం. దేవుడి గుణం కూడా అంతే తేలిగ్గా తెలిసిపోయిందనుకుని ముప్పై ఏళ్లుగా చర్చి కమిటీలో ఉన్నాడు. అందుకే ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగంలో, దేవుడు మనకేమిచ్చాడో అందరికీ తెలుసు, ఆయన ఎట్లాంటివాడో ఎంతమందికి తెలుసని అడిగితే, అది తననే అన్నట్టు తీసుకున్నాడు.

"కమిటీల ఉన్నోన్ని, నాకు తెల్వదంటుండా?" అని ఇంటికొచ్చేదాకా గొణిగాడు. సాయంత్రానికి బైబిలు దులిపి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి దేవుడి గుణమేందో తేలుస్తానని ప్రకటించాడు.

మాకు అంతకంటే పెద్ద చిక్కుంది. అంతకు ముందటేడు మా అక్క, చేగుంటలో టైర్ల షాపు నడిపే హిందువుల అబ్బాయిని ఏడుపాయల గుడిలో పెళ్లి చేసుకుంది. అమ్మవారి గుడి ముందు దిగిన ఫొటో మా ఫోన్లకు వచ్చిన రోజే నాన్న తీర్పు చెప్పేశాడు. "అది నా గడప తొక్కొద్దు. నేను ఒక్కసారి అన్ననంటే అన్నట్టే. దేవుడు గూడ గంతే, మాట మార్చడు." ఇప్పుడు అక్క కడుపుతో ఉంది. తొలి కాన్పుకు పుట్టింటికి రావాలని దాని ఆశ. తెచ్చుకోవాలని అమ్మకు అంతకు మించిన ఆరాటం. కానీ నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆయన ముందు ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

కాబట్టి బైబిలు చదువు మొదలైందనగానే అమ్మ ముఖం వెలిగింది. యేసు కథ చెప్పే సువార్తల్లోకి వస్తే మనిషి మెత్తబడతాడని ఆమె లెక్క. అయితే సువార్తలు చాలా వెనక ఉంటాయి, కాన్పు ఆగదు.

పైగా నాన్న ఏది చదివితే అదే అయిపోయేవాడు. తిండికీ శుచికీ కట్టడలు పెట్టే లేవీయకాండంలో ఉన్నన్నాళ్లూ ఇల్లు గడగడలాడింది. పొలుసుల్లేని నీటి జీవాలు పనికిరావని అమ్మ దాచుకున్న ఎండు రొయ్యలు తీసుకుపోయి గల్లీ పిల్లులకు పోశాడు. దేవుడు మంచివాడని ఆ పిల్లులు మాత్రం అప్పుడే తేల్చుకుని ఉంటాయి. యుద్ధాలు నిండిన యెహోషువ దగ్గరికొచ్చేసరికి ప్రహరీ పక్కన జానెడు జాగా కోసం పక్కింటాయనతో యుద్ధం. అక్క ఫోన్ చేసిందంటే బాగున్నారా అని కూడా అడిగేది కాదు.

"డాడీ ఏడిదాంక వచ్చిండు?"

"ఇంక న్యాయాధిపతులల్లనే ఉన్నడు," అనేవాణ్ణి.

"అయితే ఇంకొన్ని దినాలు ఆగుదాం తియ్," అని పెట్టేసేది.

చివరికి అమ్మ పని తన చేతుల్లోకి తీసుకుంది. పొద్దున్నే నాన్న వాకింగుకు పోగానే బైబిల్లో ఆయన చదివిన చోట పెట్టుకున్న రిబ్బను కొన్ని పేజీలు ముందుకు జరిపేది. యుద్ధాలూ శాపాలూ ఉన్నచోట ధారాళంగా జరిపేది. నాన్నకు అనుమానం రాలేదు సరికదా, "చూసినవా నా స్పీడు," అని మురిసిపోయాడు. ప్రవక్తల్లో సగంమంది ఆయన కంటపడకుండానే వెళ్లిపోయారు. యోనాను మాత్రం అమ్మ వదిలేసింది. చిన్న పుస్తకం, ప్రవక్తను చేప మింగిన కథ, సండే స్కూలు పిల్లలు బొమ్మలేసే భాగం. దానివల్ల నష్టమూ లేదు, లాభమూ లేదనుకుంది.

నాన్న అక్కడే ఆగిపోయాడు. చేపను ఆయన పట్టించుకోలేదు. పాపం పండిన ఒక ఊరిని నాశనం చేస్తానని దేవుడు యోనాతో చెప్పించాడు. ఊరివాళ్లు ఏడ్చి మొత్తుకునేసరికి మనసు మార్చుకుని ఊరుకున్నాడు. చెప్పి వచ్చిన యోనా అలిగి ఎండలో కూర్చున్నాడు. నాన్న అది చదివి, మళ్లీ చదివి, ముందు పెట్టిన ఉప్మా కూడా ముట్టలేదు.

"యోనాది తప్పేముంది?" అన్నాడు చివరికి. "ఊరందరి ముందట చెప్పినంక మాట మారిస్తే మనిషి ఇజ్జతేం గావాలె? దేవుడు గింత మెత్తటోడని నాకు ఎవ్వలు చెప్పలే."

"మెత్తగున్నడు కాబట్టే మనం బతికినం," అంది అమ్మ, ఆయన వైపు చూడకుండా.

నాన్న బైబిలు మూసి పక్కన పెట్టాడు. నాకు ఆయన మీద జాలేసింది. తనలాంటివాడే అనుకుని ఇన్నేళ్లూ కొలిచిన దేవుడు తనలాంటివాడు కాదని అరవై దాటాక తెలియడం చిన్న దెబ్బ కాదు. ఆ వారమంతా బైబిలు తెరవలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, తెల్ల చొక్కా కూడా విప్పకుండా, "కారు కిరాయికి మాట్లాడు, చేగుంటకు పోవాలె," అన్నాడు నాతో. అమ్మ వంటింట్లోకి పోయి అక్కకు ఫోన్ చేసింది.

చేగుంటలో అక్క అత్తగారు ఎదురొచ్చి, "రా అన్నా, ఇన్ని దినాలకు మనసొచ్చిందా?" అంది. ఆమె వెనకాల అక్క నిండు కడుపుతో, సర్దిన సంచి పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"నాకు రాలే చెల్లె. మా దేవునికి వచ్చింది. ఆయన మీద నా కోపం ఇంక పోలే."

అంటూనే వంగి అక్క సంచి అందుకున్నాడు. అక్క ఏడుస్తూ "డాడీ" అంటే, "ఎండెక్కుతుంది, నడువు," అన్నాడు. నేను చెయ్యి చాపినా, కారు దాకా ఆ సంచి నాకు ఇవ్వలేదు.