తడికాయ డొమైన్‌లో లేదు

దర్శిలో ప్రేమదాసు మాస్టారు పొద్దున్నే ఏడింటికి టీకొట్టుకొచ్చి ముందు టీ అడగరు, బాయిలరును చూపించి "దీని డొమైన్ ఏంటయ్యా?" అని అడుగుతారు. అంటే లోపల ఏమేం పోయొచ్చని. తర్వాత "రేంజ్ ఏంటి?" అంటారు. అంటే అందులోంచి ఏమేం రాగలవని. ఇంటర్ పిల్లలకు ముప్ఫయ్యేళ్లుగా లెక్కలు చెప్పి చెప్పి, ఆయనకు లోకమంతా ప్రమేయాలే, అంటే ఫంక్షన్లే, కనిపిస్తున్నాయి.

ఓ పెళ్లిలో వరుణ్ణి పావుగంట పరిశీలించి, వధువు చెవిలో వేశారు: "ఏది అడిగినా ఇతని నోట్లోంచి 'సరే' ఒక్కటే వస్తోందమ్మా. స్థిర ప్రమేయం. హాయిగా కాపురం చేసుకో."

మొన్న వేసవిలో ఆయన కన్ను అల్లాబక్షు కారం మిల్లు మీద పడింది. అల్లాబక్షు కూతురు సఫూరా ఫస్టియర్ లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీ కూడా పోతే చదువు మాన్పించేస్తానన్నాడు తండ్రి. మాస్టారు ట్యూషన్‌కి పంపమంటే "సీజన్లో మిల్లెవరు చూస్తారండీ?" అన్నాడు.

మర్నాటి నుంచి మాస్టారు రోజూ పావుకిలో ఎండుమిరపకాయలతో మిల్లుకు హాజరు.

"ఏమ్మా, తడికాయ వేస్తే?" అని మిల్లు దగ్గరున్న సఫూరాను అడిగారు.

"మిల్లు బిగుసుకుపోద్ది సార్."

"అంటే తడికాయ డొమైన్‌లో లేదు. ఎక్స్ మైనస్ నాలుగుకి వర్గమూలం కట్టు. ఎక్స్ మూడైతే?"

"లోపల మైనస్ ఒకటి. తడికాయే సార్. నాలుగూ, ఆ పైనే వెయ్యాలి."

"బయటికి?"

"సున్నా, ఆ పైన. మైనస్ రాదు."

"ఎందుకు రాదు?"

"మిరపకాయేస్తే పసుపు రాదుగా సార్."

వెనక వరసలో నిలబడ్డ వెంకటరావమ్మ తన సంచీ ఎత్తి చూపించింది. "మాస్టారూ, నా కాయలు ఏ డొమైనో తేల్చి పంపిస్తే నేను ఇంటికెళ్లి కూర వండుకుంటా."

నలభై రోజులు ఇదే వరస. రోజూ ఇంత కారం ఏం చేసుకుంటున్నారో అని ఊరు నవ్వుకుంది.

పరీక్షయ్యాక ఓసారి అల్లాబక్షు మాస్టారింటికి వెళ్లి ఆ సంగతి ఆయన భార్యనే అడిగాడు.

"ఆయనకు అల్సర్ బాబూ. పదేళ్లుగా పెరుగన్నమే" అంది ఆవిడ. "ఆ కారమంతా వీధిలో పంచలేక చస్తున్నా. ఊరికే వచ్చి పాఠం చెబితే నువ్వు మొహమాటపడతావట, గిరాకీగా వస్తే పొమ్మనలేవట."



ఫలితాలొచ్చాయి. సఫూరాకి లెక్కల్లో నూటికి డెబ్బై ఒకటి. ఆ సాయంత్రం మాస్టారు మళ్లీ పావుకిలో పొట్లంతో మిల్లు మెట్టెక్కారు. అల్లాబక్షు పొట్లం అందుకుని పక్కన పెట్టేశాడు.

"రేపట్నుంచి ఉత్తచేతుల్తో రండి సార్. సెకండియర్ పుస్తకాలు కొన్నాను. పొద్దున తొమ్మిది నుంచి పది దాకా మిల్లు ఆపేస్తున్నా."