అతుకుల పరుపు

రొట్టెల దుకాణం వెనక సందులో, ఎండ మధ్యాహ్నం ఒక్కపూట తొంగిచూసి పోయే గదిలో ఉంటుంది దూదక్క. తల్లి పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ దాన్ని వాడేవాళ్ళు మిగల్లేదు. పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండబెట్టి, ఏకి, కొత్త గుడ్డలోకి కూరి కుట్టడం ఆమె పని. జుట్టులో, కనుబొమ్మల్లో, చెవుల వెనకాల ఎప్పుడూ నాలుగు పోగుల దూది అంటుకునే ఉంటుంది. "వయసు రాకుండానే తల నెరిసింది నాకొక్కదానికే" అని తనే నవ్వుతుంది.

భర్తదీ ఇదే పని. దూది దుమ్ము అతని ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. పరుపునైతే విప్పి దులపొచ్చు, మనిషిని దులపలేం. పని నేర్పినవాళ్ళలో ఒక్కరూ మూతికి గుడ్డ కట్టుకోమని చెప్పలేదు. దగ్గు ముదిరాక చెప్పినవాళ్ళు మాత్రం సందు నిండా ఉన్నారు. అతను పోయాక దబ్బనం ఆమె చేతికి వచ్చింది. జానెడు పొడవుండే ఆ సూదిని పరుపులో ఈవైపు దించి ఆవైపు లాగి ముడేస్తుంటే చూడాలి, దారం ఆమె మాట విన్నట్టు ఇంకెవరి మాటా వినదు.

ఆమెకు రెండు పట్టింపులు. గిరాకీ పరుపు మీద ఆ గిరాకీ ఒళ్ళు వాలేదాకా ఇంకో ఒళ్ళు వాలకూడదు. పిల్లి ఎక్కినా ఊరుకోదు. రెండోది, ఇంటికొచ్చిన మనిషి ముందు 'లేదు' అనకూడదు. పంచదార అయిపోతే 'నిండుకుంది' అంటుంది. డబ్బా అడుగు కనబడుతున్నా సరే, ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా అన్నీ నిండుకునే ఉంటాయి.

ఇలాంటి మనిషికి రాళ్ళ పిచ్చిది పుట్టింది. పదిహేడు నిండినా, తల్లికంటే జానెడు పొడుగైనా దాన్ని అందరూ పాపాయి అనే పిలుస్తారు. రోడ్డు పని జరుగుతుంటే చాలు, కంకర కుప్ప ముందు కూర్చుండిపోతుంది. కిటికీ గట్టు నిండా రాళ్ళే.

"ఇది నిప్పులో పుట్టిందమ్మా. ఇది నీళ్ళ అడుగున పొర మీద పొర పేరుకుని తయారయింది."

"ఎక్కడ పుడితే నాకేంగానీ పరుపులోకి దొర్లకుండా చూడు. గిరాకీ నడుం విరిగితే నువ్వు కడతావా కట్టు?"

"దూది కడుపున రాయి పుట్టిందే!" అని పైవాటా బామ్మ మెట్ల మీద కూర్చుని వెక్కిరించేది.

ఆ రాళ్ళ చదువుకే వేరే ఊళ్ళో పెద్ద కాలేజీలో పాపాయికి సీటొచ్చింది. సీటొచ్చినంత సులువుగా హాస్టలు ఖర్చు వస్తుందా? లెక్చరరు ఒకాయన పూనుకుని, లేనివాళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పు ఇచ్చే ఒక ట్రస్టుకు దరఖాస్తు పెట్టించాడు. అది వస్తే చదువు, రాకపోతే దబ్బనం. తల్లి నోటితో అనకపోయినా ఆ రెండో మాట ఇద్దరికీ తెలుసు. పాపాయి ఈమధ్య దూది ఏకడానికి సాయం కూర్చుంటోంది. పిల్ల ఒక్కసారి ఊరికే గొంతు సవరించుకున్నా దూదక్క చేతిలో దారం ఆగిపోతోంది.

ఉన్నవాడిని నీకెంతుందో చూపించమని ఎవరూ అడగరు. ఆ భాగ్యమంతా లేనివాళ్ళదే. మీ కష్టాలు వివరించండి అని అరపేజీ జాగా వదిలాడు ఆ ట్రస్టువాడు. బాగా ఏడ్చినవాళ్ళకు మార్కులు కాబోలు. పాపాయి అందులో ఏడుపు రాయలేదు. మా నాన్న దూది దుమ్ము పీల్చి చనిపోయాడు, మా అమ్మ ఇప్పటికీ అదే పీలుస్తోంది, నాకు రాళ్ళంటే ఇష్టం అని రాసి ఊరుకుంది. అయినా పేరు వడపోతలో నిలిచింది. ఇక మిగిలింది ఒక్కటే. ట్రస్టు నుంచి ఒకావిడ ఇంటికొచ్చి చూసి వెళుతుంది.

"ఏం చూస్తుందే?"

"మనకేం ఉందో, ఏం లేదో చూస్తుందమ్మా. నిజంగా లేనివాళ్ళేనా అని."

దూదక్క పళ్ళతో దారం తెంపి కూతుర్ని జాలిగా చూసింది. "పిచ్చిమొహమా! లేనివాళ్ళకి ఎవరన్నా ఇస్తారటే? చింపిరి గుడ్డలేసుకుని వెళ్తే కొట్టువాడు పావుకిలో ఉప్పు అరువివ్వడు. అప్పు పుట్టేది కూడా ఉన్నవాడికే. వచ్చేది ఇల్లు ఎలాంటిదో, ఇస్తే నిలబెట్టుకుంటారో లేదో చూడ్డానికి."

"కాదమ్మా, ఇది వేరే..."

"అన్నీ వేరేనే. వచ్చేది ఎప్పుడో చెప్పు చాలు."

ఆమెది తెలివితక్కువతనం కాదు. లోకం ఆమెకు బతుకంతా నేర్పిన పాఠం అదే. దాన్నే అప్పజెప్పింది.

ఆరోజు పాపాయి ట్రస్టావిడను తీసుకురావడానికి బస్‌స్టాపుకు వెళ్ళింది. అది మలుపు తిరగడం ఆలస్యం, దూదక్క మెట్లెక్కింది. పైవాటా బామ్మ నిలువు ఫ్యాను దిగింది. పక్కింటి బస్సు డ్రైవరు మెత్త కుర్చీ, దాని వెనకాలే టీవీ వచ్చాయి. రొట్టెల దుకాణం వదిన పూలపూల కప్పులూ సాసర్లూ, కిటికీ తెర కూడా ఇచ్చింది. రాళ్ళన్నీ తెర వెనక్కి పోయాయి. తల్లీకూతుళ్ళు పడుకునే పాత పరుపును చుట్టచుట్టి బామ్మ గదిలో దాచేశారు. గదిలో మిగిలిన సొంత సొత్తు ట్రంకుపెట్టె, పొయ్యి. గోడకు నిలబెట్టిన కొత్త పరుపు ఒకటుంది గానీ అది మందుల షాపాయనది.

"పెళ్ళిచూపులు నీకా, నీ కూతురికా?" అన్నాడు డ్రైవరు టీవీ దింపుతూ.

"నోరుముయ్యి తమ్ముడూ, ఆ వైరు కనపడకుండా వెనక్కి తోయి."

ట్రస్టావిడ నడివయసు మనిషి, సందులన్నీ తిరిగి చెప్పు తెగినట్టుంది, కాలు ఈడుస్తూ వచ్చింది. వెనకాలే గుమ్మంలోకి వచ్చిన పాపాయి తమ ఇల్లు తనే పోల్చుకోలేక ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. టీవీ మెరుస్తోంది. వాటి మధ్య తల్లి, జుట్టులో దూది లేకుండా, ఎవరో కొత్త మనిషిలా నిలబడి ఉంది.

"రండమ్మా, కూర్చోండి. మెత్తగా ఉంటుంది. టీ తాగుతారుగా?"

ఆవిడ కూర్చుని కప్పు అందుకుంది. ఒళ్ళో ఫారం పెట్టుకుని చుట్టూ చూసింది. "టీవీ మీదేనా అండీ?"

"ఇంట్లో ఉన్నవన్నీ మావేగా అమ్మా!" అంది దూదక్క హాయిగా.

ఆవిడ టిక్కు పెట్టింది. "ఫ్యాను?"

"ఏదో, మీలాంటివాళ్ళు వస్తే ఉండాలి కదా."

ఇంకో టిక్కు. పాపాయి ఒక అడుగు ముందుకేసి ఆగింది. నోరు విప్పితే అమ్మ పరువు పోతుంది, విప్పకపోతే సీటు పోతుంది. తల్లి మొహంలో వెలుగు చూస్తే మాట పెగల్లేదు. ఒక్కో టిక్కు పడుతుంటే ఆ మొహం ఇంకా విచ్చుకుంటోంది, మార్కులు పడుతున్నాయనుకుని.

సందు మాత్రం చెవులు మూసుకుని లేదు. మెట్ల మీద బామ్మ, కిటికీ పక్కన డ్రైవరు, గుమ్మం వార వదిన. ముందుగా అర్థమైంది బామ్మకే. "కొంప ముంచుతోందిరా ఇది! పిల్లని ముంచేస్తోంది" అని గొణిగి, మోకాళ్ళు పట్టుకుని దిగి, లోపలికి వచ్చేసింది.

"అమ్మాయ్, నా ఫ్యాను నాకిచ్చెయ్. ఉడికిపోతున్నా."

దూదక్క కళ్ళతోనే బతిమాలింది. "ఇప్పుడే పట్టిందా బామ్మా నీకు చెమట?"

"చెమట నిన్నడిగి పడుతుందా? నాది నాకిచ్చెయ్."

బామ్మ ఫ్యాను స్విచ్చి నొక్కేసింది. రెక్కలు ఇంకా పూర్తిగా ఆగకముందే డ్రైవరు తల వంచుకుని వచ్చాడు. "అక్కా, టీవీ... మా పిల్లలు ఏడుస్తున్నారే." వైరు పీకి, భుజానికెత్తుకున్నాడు. గుమ్మంలో వదిన చేతులు నలుపుకుంటూ, "కప్పు మాదేనండీ. తాగడం అయ్యాకే ఇవ్వండి, తొందరేం లేదు" అంది ట్రస్టావిడతో.

ఆవిడ కప్పు వైపూ, తన కిందా చూసుకుంది. "కుర్చీ?"

"మీరు కూర్చోండి మేడమ్, ఏం ఫర్వాలేదు" అన్నాడు డ్రైవరు టీవీ మోస్తూనే. "అదీ మాదే."

ఆవిడ లేచి నిలబడింది.

దూదక్కకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళు కలిసి బతికినవాళ్ళు, వచ్చిన మనిషి ముందు తనను ఇలా ఒలిచేశారు! ఇంటికొచ్చిన ఆడమనిషి కప్పు పట్టుకుని నిలబడి ఉంది. కూర్చోబెట్టడానికి తనదంటూ చాప ముక్కైనా లేదు. నడిచి నడిచి వచ్చిన మనిషి కదా, ఆవిడ ఆ కుర్చీ వదిలి పక్కకు జరిగి వాలబోయింది. వెనక ఉన్నది మందుల షాపాయన కొత్త పరుపు.

"దానిమీద మాత్రం వద్దమ్మా!"

అరిచినంత పనిచేసి, దూదక్క తన నోరు తనే మూసుకుంది. ఇంటికొచ్చిన మనిషిని కూర్చోవద్దని అనడం ఆమె బతుకులో అదే మొదలు. రెండు పట్టింపులూ ఎదురుబొదురు వచ్చి నిలబడితే ఏం చెయ్యాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బామ్మ కళ్ళతో పైకి చూపించగానే పాపాయి మెట్లెక్కింది. బామ్మ గదిలోంచి పాత పరుపును ఎత్తుకొచ్చి గది మధ్యలో పరిచింది.

"వద్దే! అది కాదే!"

"ఇదే మాదండీ. కూర్చోండి" అంది పాపాయి.

అలాంటి పరుపును ట్రస్టావిడ ఎక్కడా చూసి ఉండదు. గుడ్డంతా అతుకులే. నీలం చారలు, ఎర్ర గళ్ళు, వెలిసిన పువ్వులు. అరచేతికి మించిన ముక్క లేదు, కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు. ఆవిడ చెప్పులు విప్పి, కూర్చుని, ఒక ముక్క మీద వేలు పెట్టింది. "ఇదెక్కడిది?"

దూదక్క మెల్లిగా వచ్చి ఆవిడ పక్కనే నేల మీద చతికిలబడింది. "అది కంసాలి వాళ్ళది. ఈ చారలు ఆస్పత్రి నర్సమ్మవి, ఇవి బామ్మవి. మిగిలిన పేలికలు నాకే ఇచ్చేస్తారు. లోపల దూది కూడా అంతే, ఊడ్చిన తుక్కు. గడ్డలు గుచ్చుకుంటాయి, కాస్త అటు జరగండి."

జరిగి కూర్చుంది ఆవిడ. "మీకు అసలు ఏమున్నాయండీ?"

గుమ్మంలోంచి ముగ్గురూ తొంగిచూశారు. దూదక్క కూతురి వంక చూసింది.

"మాకు కుర్చీ లేదమ్మా. ఫ్యాను లేదు. టీవీ లేదు. దీని నాన్న లేడు. దీని చేతికి నా దబ్బనం ఇవ్వడం..." ఆమె వేళ్ళు ఒక అతుకును నిమిరాయి. "నాకు ఇష్టం లేదు."

ఆ మనిషి నోట 'లేదు' అన్న మాట ఆ సందు వినడం అదే మొదటిసారి. బామ్మ ముక్కు చీదింది.

ట్రస్టావిడ ఫారం చూసుకుంది. "ఇన్ని కొట్టివేతలుంటే మా ఆఫీసులో ఒప్పుకోరు" అని దాన్ని మడిచి సంచిలో పడేసి, కొత్త ఫారం తీసింది. "మొదట్నించీ రాద్దాం, చెప్పండి. అబద్ధం రాయను, ఇప్పిస్తానని మాటా ఇవ్వను. చూసింది చూసినట్టు రాస్తాను."

ఆవిడ వెళ్ళేముందు దూదక్క తెగిన చెప్పు లాక్కుని దబ్బనంతో రెండు కుట్లు వేసి ఇచ్చింది. ఆ కుట్లకు లంచమని పేరు పెట్టేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు ఎప్పుడూ తెగిన చెప్పుతో నడిచి ఉండరు.

ఆ సాయంత్రం ఆమె సందులో ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు బామ్మే దిగివచ్చింది. "నన్ను తిట్టుకున్నావా?"

"మనసారా."

"తిట్టుకో. పిల్లకి చదువొస్తే నా ఫ్యాను మాట మర్చిపోదువుగాని."

ఆ ఫ్యాను అక్కడే ఉంది. అంత గొడవ చేసి అడిగిన మనిషి దాన్ని మళ్ళీ మెట్లెక్కించలేదు. ఎప్పుడడిగినా "ఓపిక లేదు, నువ్వే వాడుకో" అంటుంది.

వానలు మొదలయ్యే ముందు కబురు వచ్చింది. స్కాలర్‌షిప్పు వచ్చింది. డ్రైవరు సందు చివర బస్సు ఆపి మరీ హారను మోగించాడు.

దూదక్క ఇల్లంతా దులిపి నాలుగు డబ్బులు పోగేసి, తుక్కు కాకుండా మంచి దూది కొంది. కొత్త గుడ్డ ఒకే తాను, ఒకే రంగు. కొత్త గుడ్డతో తన ఇంటి కోసం ఆమె కుట్టిన మొదటి పరుపు అది. హాస్టలుకని చుట్టచుట్టి తాడు కట్టింది. తెల్లారి చూస్తే పాపాయి ఆ తాడు విప్పి అతుకుల పరుపుకు కట్టుకుని కూర్చుంది.

"హాస్టల్లో నవ్వుతారే!"

"నవ్వనీ. ఎవరింటి ముక్కేదో చెప్తాను."

"గడ్డలు గుచ్చుకుంటాయే!"

"రాళ్ళ పిల్లకి గడ్డలొక లెక్కా అమ్మా?"

ఎంత పోట్లాడినా వినలేదు. పాత పరుపు బస్సెక్కింది. కిటికీ గట్టున రాళ్ళూ, గోడకు కొత్త పరుపూ మిగిలాయి.

మధ్యాహ్నం ఎండ గదిలోకి తొంగిచూసినప్పుడు బామ్మ దిగివచ్చి చూస్తే, దూదక్క కొత్త పరుపు పరిచి, దాని పక్కన గచ్చు మీద పడుకుని ఉంది.

"అదేంటే, కింద పడుకున్నావు?"

"కొత్త పరుపు బామ్మా. గిరాకీ వాలకుండా నేనెలా..."

"ఓసి మొద్దూ!" బామ్మ వంగి ఆమె జబ్బ పట్టుకుంది. "గిరాకీవి నువ్వేనే!"

దూదక్క లేచి, కాళ్ళు కడుక్కుని, జుట్టులో దూది దులుపుకుని, ముందు ఒక చెయ్యి ఆన్చి చూసింది. తర్వాత వాలింది. బామ్మ ఫ్యాను వేసి, మెట్లెక్కే ఓపిక లేదంటూ గుమ్మంలోనే కూర్చుంది.